వెనకాల నడిచే గొంగడి

బావ అయ్యప్ప మాల వేసుకుని వారం కూడా కాలేదు. ఒక తెల్లవారుజామున వంటింటి కిటికీలోంచి చూస్తే, బావ వెనకాల ఇంకెవరో నడుస్తున్నట్టు కనిపించింది.

మా ఇంటి వెనక కొంచెం గడ్డి, గడ్డి చివర మా పాప నైనిక ఉయ్యాల, ఉయ్యాల దాటితే అంతా చెట్లు. నవంబరు కదా, ఆకులన్నీ రాలిపోయి మానులు మాత్రమే నిలబడి ఉంటాయి. బావ నల్ల లుంగీ కట్టుకుని, తలమీదుగా నల్ల శాలువా కప్పుకుని, కాళ్లకు మందపాటి సాక్సులు మాత్రం వేసుకుని గడ్డి దాటి చెట్లలోకి పోయాడు. ఆయన పోయిన దారినే, ఆయన నడిచినంత నెమ్మదిగా, ఇంకో నలుపు కదిలింది. దానికి తల వేరుగా, భుజాలు వేరుగా లేవు. గొంగడి కప్పుకున్న మనిషికి ఉండవు.

స్టౌ ఆపి మళ్లీ చూశాను. చెట్లు తప్ప ఏమీ లేవు.

దివాకర్ నాకు సొంత మేనబావ. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. మాల వేసుకున్నాక మాత్రం బావా అనకూడదు, స్వామీ అనాలి. నన్ను ఆయన మాతా అంటున్నాడు. పోయిన చలికాలం నైనికకు ఊపిరాడక ఆసుపత్రిలో పెట్టినప్పుడు, వార్డు గాజు తలుపు బయట నిలబడి మొక్కుకున్న మొక్కు ఇది. పిల్ల మంచిగై ఇంటికొస్తే మాల వేసుకుంటా, రోజూ నడిచిపోయి పూజ చేసుకుంటా అన్నాడు. పిల్ల ఇంటికొచ్చింది. అందుకే మానేయమని చెప్పడానికి నాకు నోరు లేదు.

పూజ మా గురుస్వామి ఇంట్లో జరుగుతుంది. మల్లికార్జునరావు గారని, రిటైరైన గుండె డాక్టరు. ఈ పరాయి దేశంలో, పార్సిప్పనీ చుట్టుపక్కల మాల వేసే మనవాళ్లందరికీ ఆయన బేస్‌మెంటే గుడి. కారులో పోతే పెద్ద రోడ్డు చుట్టి రావాలి. చెట్లలోంచి పోతే పూజ మొదలయ్యేలోపు చేరొచ్చు. ఎవరో నడిచి నడిచి పడిన సన్నటి దారి ఉంది అందులో. మనుషులు వేసిన దారో జింకలు వేసిన దారో అప్పటికి మేం ఆలోచించలేదు.

సాయంత్రం అల్పాహారం వడ్డిస్తూ అడిగాను. "పొద్దుగాల మీతోని ఇంకెవరన్నా వస్తున్నరా స్వామీ?"

"ఎవరొస్తరు మాతా, ఈ చలికి? అయ్యప్పనే రజాయి కప్పుకొని పండుకుంటడు."

నైనిక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. బావ మాత్రం వెంటనే పళ్లెంలోకి చూస్తూ తినడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు అది పట్టలేదు.

రెండు రోజుల తర్వాత, ఎండ వాలుతున్నప్పుడు, నైనిక ఉయ్యాల ఊగుతోంది. నేను మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

"అమ్మా, ట్రీలో అంకుల్ ఉన్నాడు," అంది.

"ఏ అంకుల్ నాన్నా?"

"లీఫ్స్ షర్ట్ అంకుల్. నేను హాయ్ చెప్పా. తను చెప్పలే."

తలెత్తి చూశాను. చెట్లు, వాటి మధ్యన చీకటి పడబోతున్న బూడిదరంగు. ఎవరూ లేరు. పిల్లను చంకనేసుకుని లోపలికి పరుగెత్తి తలుపు గడియ పెట్టాను. దిష్టి తీశాను. మిరపకాయలు కాలిస్తే స్మోక్ అలారం మోగుతుంది, ఉప్పుతోనే తిప్పేశాను. రాత్రంతా ఒకటే ఆలోచన. నాకు కనిపించేది పిల్లకు కూడా కనిపిస్తోందా అని.

మర్నాడు బాగా ఎండ వచ్చాక, నైనిక స్కూల్‌కి పోయాక, ధైర్యం చేసి చెట్లలోకి నడిచాను. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. ఒక లావాటి మానుకు ఇనప నిచ్చెన నిలబెట్టి, పట్టీలతో బిగించి ఉంది. నిచ్చెన పైన చిన్న కుర్చీ. నిజమైన ఇనుము, చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలింది. పిల్ల చూసింది నిజం మనిషినే అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆ కుర్చీ ఎటు చూస్తోందో చూశాను. దానికి ఎదురుగా బావ నడిచే దారి. దారి అవతల, సన్నటి కొమ్మల మధ్యనుంచి, పసుపు రంగు ఉయ్యాల. ఉయ్యాల వెనక మా వంటింటి కిటికీ.

సాయంత్రం చెప్తే బావ ఫోన్‌లో వెతికాడు. "జింకల వేట సీజన్ నడుస్తున్నదట మాతా. ఆ చెట్లు ఎవరిదో ప్రైవేట్ ప్రాపర్టీ కావచ్చు. ఇండ్ల దగ్గర విల్లు బాణాలతోనే ఎక్కువ వేటాడుతరట. ఇంటికి ఇంత దూరంల కూసోవాలని రూల్స్ ఉంటయి. గన్ కాదు కదా, ఫికర్ చెయ్యకు."

"బాణం తాకితే నొయ్యదా?"

"మనిషికీ జింకకూ తేడా తెల్వదా వాళ్లకు?"

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయాడు. మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"రోడ్డుమీద పొండ్రి," అన్నాను.

"ఆ రోడ్డుకు ఫుట్‌పాతే లేదు. చీకట్ల కార్లు నలబై యాబై మీద పోతయి. అది ఇంకా డేంజర్."

"లైటన్నా పట్టుకొని పొండ్రి. ఆరెంజ్ జాకెట్ వేసుకొండ్రి, రోడ్డు పనోళ్లు వేసుకుంటరు సూడు, గసొంటిది."

"నల్లబట్టల మీద ఆరెంజ్ జాకెటా? కన్‌స్ట్రక్షన్ అయ్యప్ప అంటరు అందరు."

"అననీ! శరణు అన్నా గట్టిగ చెప్పుకుంట పొండ్రి, మనిషని తెలుస్తది."

"మొదటిరోజు చెప్పిన. ఆ మూల ఇంట్ల లైటేసిన్రు, కుక్క మొరిగింది. పొద్దుగాల చీకట్ల నల్లటోడు ఒకడు అడవిల అరుస్తున్నడని పోలీసులకు ఫోన్ చేస్తే? వీసా మీద ఉన్నోళ్లం. మనసుల చెప్పుకుంటున్న, దేవునికి వినబడుతది."

దేవుడికి వినబడుతుంది సరే. చెట్టు మీద కూర్చున్నవాడికి వినబడాలి కదా.

మా ఊరు నిర్మల్ దగ్గర, అడవి అంచున. మా మక్కచేనుకు, అంటే మొక్కజొన్నకు, అడవిపందుల బెడద. చేను కంకి పట్టినప్పటినుంచి మా నాన్న, బాపు, మంచె మీదే పడుకునేవాడు. తెల్లవారుతుండగా మంచె దిగి, నల్ల గొంగడి తలమీదుగా కప్పుకుని, చేను గట్టున వంగి వంగి ఇంటికొచ్చేవాడు. బాపుకు నడుం నొప్పి. పక్క ఊరి మనిషి ఒకతను నాటు తుపాకి పట్టుకుని పందుల కోసం గట్టు అవతల కూర్చున్నాడు. మక్క మొదళ్ల మధ్య నల్లగా వంగి వస్తున్నదాన్ని చూశాడు. ఆకుల చప్పుడు విన్నాడు. కాల్చాడు. అంతే.

పారిపోలేదు అతను. మా వాకిట్లో కూలబడి, అందరూ కొడుతున్నా కదలకుండా, ఒకటే మాట అన్నాడు. "పందనుకున్న. పందనుకున్న."

నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఆ తర్వాత కాలేజీ బస్సు మా ఇంటి ముందు ఆగలేదు. అమ్మ బయటికి పంపడానికి భయపడింది, నేను పోవడానికి భయపడ్డాను. కొన్నేళ్లకు అత్తమ్మ వచ్చి, అన్న బిడ్డ నాకే కావాలని బావకు చేసుకుంది. ఇంత దూరం వచ్చినా నల్లబట్టలో వంగిన మనిషిని ఎక్కడ చూసినా నా చెవిలో ఆ మాటే. పందనుకున్న.

మర్నాడు బావ నల్ల శాలువా కప్పుకుని మళ్లీ ఆ చెట్లలోకే పోయాడు. వెనకాల గొంగడి కూడా పోయింది. ఈసారి నేను కళ్లు తిప్పుకోలేదు. కొంచెం కుడివైపుకు ఒరిగి నడుస్తోంది. నడుం నొప్పి ఉన్నవాళ్లలాగా.

ఇక ఆగలేకపోయాను. ఆ రోజు స్కూల్ లేదు. నైనికకు కోటు వేసి, చెయ్యి పట్టుకుని, రోడ్డంచున గడ్డిలో నడుచుకుంటూ ఆ చెట్లకు అవతలివైపున్న ఇల్లు వెతుక్కుంటూ పోయాను. నీలం రంగు పాత ఇల్లు, వాకిట్లో పికప్ ట్రక్కు. గరాజ్ తలుపు తెరిచి ఉంది. లోపల దూలానికి ఒక జింక తలకిందులుగా వేలాడుతోంది. కింద బకెట్.

నేను నైనిక కళ్లు మూసేలోపే లోపలున్న ముసలాయన మమ్మల్ని చూశాడు. ముందు పిల్లను చూశాడు. గబుక్కున తలుపు కిందికి లాగేసి, పక్కనున్న చిన్న తలుపులోంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఒంటిమీద ఆకుల అచ్చున్న వేటచొక్కా. పేరు వాల్ట్ అన్నాడు.

"దట్స్ హిమ్!" అంది నైనిక. "లీఫ్స్ షర్ట్ అంకుల్!"

"ఆ రోజు నీకు హాయ్ చెప్పలేదు కదూ. సారీ," అన్నాడాయన పిల్లతో. "చెట్టు మీద ఉన్నప్పుడు మాట్లాడకూడదు. నువ్వు కనబడగానే ఆ పూటకు దిగి వెళ్లిపోయాను."

దారంతా వల్లించుకున్న ముక్కలు చెప్పాను. మై హజ్బెండ్. వాకింగ్. మార్నింగ్, యువర్ ట్రీస్. బ్లాక్ డ్రెస్. ఫర్ గాడ్.

ఆయన ముఖంలో రక్తం పోయింది. ఆయన ఇంగ్లీషు నాకు కొంత అందింది, మిగిలింది నైనిక చెప్పింది. ఏ మాట పిల్ల చెవిన పడకూడదో అది పడేదాకా నాకు తెలియలేదు.

"ఆ నల్లది మీ ఆయనా?" అన్నాడు. "అక్కడ మనుషులు నడుస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. అది నా స్థలం. అడిగితే రావద్దనేవాణ్ణి కాదు, చూసుకునేవాణ్ణి." చెట్లవైపు చెయ్యి చూపించాడు. "మొన్న పొద్దున, ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. కొమ్మల సందులో ముక్క ముక్కగా కనిపించింది. జింక అనుకున్నాను. విల్లు లాగాను."

చెంపదాకా లాగిన చేతిని చూపించాడు.

జింక అనుకున్నాను. ఇంగ్లీషులో అన్నా ఆ మాట అదే మాట.

"వెయ్యలేదు ఎందుకని?" అని అడిగాను. తెలుగులోనే అడిగేశాను. నైనిక "వై నాట్?" అంది.

"దాని వెనకాల ఇంకొకటి కదిలింది," అన్నాడు. "ఏమిటో తేల్చుకోకుండా వెయ్యకూడదు. తేల్చుకున్నా, దాని వెనకాల ఏముందో తెలియకపోతే వెయ్యకూడదు. మా నాన్న నాకు విల్లు ఇవ్వకముందే నేర్పిన మాట. ముందుదాన్ని చూసి లాగాను, వెనకదాన్ని చూసి దించాను. దించాకే అది వంగి నడిచే మనిషని తెలిసింది. ఆ రెండో మనిషి లేకపోతే..." ఆపేశాడు. "ఎవరాయన? కొంచెం ఒంగి నడుస్తాడు, పెద్దాయనలా ఉన్నాడు."

నైనిక చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మై ఫాదర్," అన్నాను.

తలూపాడు. లోపలికి పోయి రెండు నారింజరంగు జాకెట్లు తెచ్చాడు. చేతుల్లేనివి, కళ్లు చెదిరేంత రంగు. "ఒకటి మీ ఆయనకు. ఒకటి మీ నాన్నకు. ఇద్దర్నీ వేసుకోమను. లైటు పట్టుకోమను. నోటితో ఏదైనా చప్పుడు చేస్తూ నడవమను. ఆ ప్రార్థనలు అయిపోయేదాకా పొద్దున పూట నేను ఎక్కను, ఆ కుర్చీ కూడా మీ ఇంటివైపు చూడకుండా మార్చేస్తాను. కానీ నా పక్క స్థలాల్లో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఈ జాకెట్ లేకుండా సీజన్ అయిపోయేదాకా ఎవరూ అడుగుపెట్టొద్దు. నువ్వు, పాప కూడా."

ఇంటికొచ్చాక ముందు గురుస్వామికి ఫోన్ చేశాను. ఆయనకు చెప్తే బావ కాదనలేడు. ఆయన మొత్తం విన్నారు.

"ఒరే దివాకరూ అని వాడి చెవి మెలిపెట్టాలమ్మా," అన్నారు. "నల్లబట్టే కట్టాలని ఎవడు చెప్పాడు వాడికి? నేను కట్టేది కాషాయం కాదూ? దాని మీద ఆ జాకెట్ వేసుకుంటే స్వామికేం నామోషీ లేదు. పైగా నోరు మూసుకుని నడుస్తున్నాడా? శబరిమల కొండ దారిలో అంతమంది అంత గట్టిగా శరణు అరుస్తూ ఎందుకు నడుస్తారనుకున్నాడు? అది అడవి, మనం వస్తున్నామని అందరికీ తెలియాలి. అడవిలోకి పోయి మర్యాదస్తుడిలా గుసగుసలాడతాడా! కుక్క మొరిగిన ఇంటాయనకు నేను చెప్తాలే. సాయంత్రం వచ్చి నా పంచె ఒకటి పట్టుకెళ్లమను."

బావ ఆఫీస్ నుంచి వచ్చేసరికి రెండు జాకెట్లు సోఫా మీద పెట్టి ఉంచాను. అంతా చెప్పాను. విల్లు లాగిన సంగతి చెప్పినప్పుడు మెడలో మాలను పిడికిట్లో పట్టుకున్నాడు.

"రెండోది ఎవరికి?" అన్నాడు.

ఆయనే జాకెట్‌ను చేత్తో తాకి, "మామకా?" అన్నాడు.

"బావా," అన్నాను. దీక్షలో ఉన్నాడన్నది మరిచిపోయాను. ఆయనా దిద్దలేదు.

"మొదటిరోజు నుంచి వినబడుతున్నది," అన్నాడు మెల్లగా. "ఎండుటాకులు. నేను ఆగితే ఆగుతది. నేను నడిస్తే నడుస్తది. వెనుకకు తిరిగి చూడలే. నీకు చెప్తే పోనియ్యవని చెప్పలే."

"భయం కాలేదా?"

"అయింది. కానీ మంచె దిగి ఇంటికొచ్చేటప్పుడు నన్ను ముందు నడవమనేటోడు మామ. చిన్నప్పుడు సెలవులకు మీ ఊరికొచ్చినప్పుడు. పాములుంటే వెనుకనుంచి మంచిగ కనబడుతయి అని. గట్లనే అనిపించింది."

చీకటి పడకముందే నేను రెండో జాకెట్ తీసుకుని వెనక గడ్డిలోకి పోయాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బాపు చేనులో చొక్కా విప్పితే మంచె కాలికి తగిలించేవాడు. ఉయ్యాల ఇనప కాలికి తగిలించి, గాలికి ఎగిరిపోకుండా బొత్తాం పెట్టాను. ఏదో ఒకటి అనాలనిపించింది. "వేసుకో బాపు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

తెల్లవారుజామున బావ కాషాయం పంచె కట్టి, పైన నారింజ జాకెట్ వేసుకుని, తలకు లైటు పెట్టుకుని మెట్లు దిగాడు. మొదట కొంచెం సిగ్గుపడ్డట్టు అన్నాడు శరణు. ఉయ్యాల దాటాక గొంతు విప్పాడు. "స్వామియే! శరణమయ్యప్పా!" చెట్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టయింది. కుక్క మొరిగింది. ఎక్కడో ఒక జింక తెల్లటి తోక ఎత్తి దూకి పోయింది. ఆ రంగు, ఆ వెలుగు మానుల మధ్య చాలా దూరం కనిపించాయి. కనిపించడం ఆగిపోయాక కూడా ఆ శరణు వినిపించింది.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. వెనకాల ఎవరైనా కదులుతారా అని చూస్తున్నాను. ఎవరూ కదల్లేదు.

నైనిక కళ్లు నలుపుకుంటూ వచ్చి నా నడుం పట్టుకుంది. ఎత్తుకున్నాను. కిటికీలోంచి బయటికి చూసింది.

"అమ్మా, ఆ తాత ఎందుకు డాడీతో వెళ్లట్లే?"

"ఏ తాత?"

"స్వింగ్ దగ్గర. కూర్చున్నాడు కదా."

అక్కడ నాకు చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. ఆ రోజు చెట్టు మీద అంకుల్ ఉన్నాడంటే కూడా నాకు ఏమీ కనిపించలేదు. ఆ రోజు పిల్లను లోపలికి లాక్కుపోయాను. ఇవాళ లాక్కుపోలేదు. అవతలినుంచి బావ గొంతు ఆగేదాకా, ఇద్దరం కిటికీ దగ్గరే నిలబడ్డాం.

బాగా వెలుగు వచ్చాక బయటికెళ్లాను. రాత్రి మంచు పడింది. గడ్డి తెల్లగా ఉంది, ఉయ్యాల పీట తెల్లగా ఉంది, గొలుసుల మీద కూడా సన్నటి తెలుపు. మంచులో బావ సాక్సుల అడుగులు మాత్రమే ఉన్నాయి. ఉయ్యాల కాలికి ఉన్న జాకెట్ మీద మాత్రం ఎక్కడా మంచు లేదు. బొత్తాం విప్పి ఉంది.

లోపలికి తెద్దామని చెయ్యి చాచి ఆగాను. వాల్ట్ చెప్పాడు కదా, సీజన్ ఇంకా అయిపోలేదు.